పొదుగువాపు రాని పెయ్యను జన్యు పరీక్షతో ముందే గుర్తించవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. మా జెర్సీ క్రాస్ ఆవుకు ఈనిన ప్రతిసారీ పొదుగువాపు వస్తోంది. దాని పెయ్యకు ఇప్పుడు ఏడాది. వాపు పుట్టించే జన్యువులను పరీక్షల్లో కనిపెడుతున్నారట. పెయ్యకు చేయిస్తే ముందే తెలుస్తుందా? ఉంచుకోమంటారా, అమ్మేయమంటారా?

జవాబు: పెయ్యను అమ్మకండి. దానికి పొదుగువాపు వస్తుందో రాదో కచ్చితంగా చెప్పే జన్యు పరీక్ష ఇప్పటికి లేదు. తల్లికి వచ్చిందని పిల్లకూ వచ్చి తీరాలనీ లేదు.

మీరు విన్నది మాత్రం నిజమే. చన్ను రంధ్రం గుండా క్రిములు దూరగానే అక్కడి కణాలు పసిగట్టి తెల్ల రక్తకణాలను పిలుస్తాయి. మీకు కనిపించే వాపు, వేడి ఆ పోరాటమే. ఈ.కోలై లాంటి క్రిముల పైపొరలో ఉండే విషానికి బొత్తిగా స్పందించని ఒక రకం ఎలుకలు ఉండేవి. వాటిలో చెడిన జన్యువు టీఎల్ఆర్4 అని శాస్త్రవేత్త బ్రూస్ బ్యూట్లర్ బృందం 1998లో తేల్చింది. వాపు రాదు కదా, మంచిదే అనుకుంటాం. కానీ అలాంటి క్రిములు నిజంగా సోకితే ఆ ఎలుకలే ముందు చనిపోయేవి. వాపు బొత్తిగా రాని ఆవు మనకు వద్దు. సమయానికి వచ్చి, పని అయ్యాక తగ్గిపోవాలి. ఆ అదుపు ఏ జన్యువుల చేతిలో ఉందో తెలుసుకోవడానికే ఇప్పుడు కణాల్లో వేల జన్యువులను ఒక్కొక్కటిగా ఆపి చూస్తున్నారు. వాపులో కణం పొరకు చిల్లులు పొడిచే గాస్‌డెర్మిన్-డి అనే ప్రోటీన్ పాత్ర 2015లో ఇలాగే బయటపడింది. ఇదంతా ఎక్కువగా ఎలుక, మనిషి కణాల్లో జరుగుతున్న పని.

పశువుల్లో పొదుగువాపును తట్టుకునే గుణం చాలా జన్యువుల మీద, అంతకన్నా ఎక్కువగా శాల శుభ్రత, పాలు పితికే తీరు మీద ఆధారపడుతుంది. అయినా తరతరాలుగా ఎంపిక చేస్తే ఫలితం ఉంటుంది. నార్వేలో 1978 నుంచి ఆబోతుల ఎంపికలో పొదుగువాపును కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. మన దగ్గర 2024 అక్టోబరులో వచ్చిన, ఆవుల జన్యువులను పరీక్షించే గౌచిప్ కూడా మేలైన పశువుల ఎంపిక కోసమే. పెయ్య ఎదకు వచ్చినప్పుడు, ఆబోతు తల్లి పాల దిగుబడి ఒక్కటే కాక కూతుళ్ల పొదుగు ఎలా ఉందో కూడా అడిగి ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి.

ఇక తల్లి ఆవు సంగతి. ప్రతి ఈతకూ వస్తోందంటే పాత క్రిమి పొదుగులోనే దాగి ఉందేమోనని నా అనుమానం. 100 మి.లీ. నీటిలో 3 గ్రాముల సర్ఫ్ పొడి కలిపి, ఒక్కో చన్ను పాలను విడివిడిగా తీసుకుని, అంతే కొలత సర్ఫ్ నీళ్లు పోసి నిమిషం సేపు తిప్పండి. జిగురులా చిక్కబడితే లోపల వాపు ఉన్నట్టే. సర్ఫ్‌కు తెల్ల రక్తకణాలు పగిలి, వాటిలోని డీఎన్ఏ అలా సాగుతుంది. ఆ చన్నును చివర పితకండి. మందు మొదలుపెట్టక ముందే ఆ పాలను పశువైద్యుడి ద్వారా ల్యాబ్‌కు పంపితే ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తెలుస్తుంది. ఇంట్లో మిగిలిన మందు ట్యూబులు మీ అంతట మీరు చన్నుల్లోకి ఎక్కించకండి. వట్టిపోయే ముందు చివరిసారి పితికాక నాలుగు చన్నులకూ ఎక్కించాల్సిన మందు గురించి డాక్టరుగారిని తప్పకుండా అడగండి.

పితికిన వెంటనే చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, అరగంట వరకు పడుకోకుండా ముందు మేత వేయండి. వాపు ఉన్న చన్ను పాలు పెయ్యలకు పట్టకండి.