శనివారం సాయంత్రం మీ తాతయ్య చేతులు

ఒంగోలు

అమ్మా,

మీ తాతయ్య మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిలు పట్టుకుని. బాగుందని రెండు మాటలు రాసి పంపితే నీకు ఉపయోగం లేదు, అందుకే ఉత్తరం పొడుగవుతోంది.

డెబ్బై రెండేళ్ళ మనిషి పొద్దున్నే సంచి తీసుకుని కందుకూరు బజారుకు పోవడం, పనులు చూసుకోవడం, సాయంత్రం ఒక క్వార్టరు తెచ్చుకుని టీవీ ముందు కూర్చుని తాగి పడుకోవడం. కథకి ఇది చాలని నీకు తోచింది చూడు, అది నాకు చాలా నచ్చింది. నీ వయసులో నాకు తోచలేదు. మా వీధిలో ఇలాంటి మనుషులు నలుగురుంటే నేను వాళ్ళని దాటుకుని పోయి, ఎన్నడూ చూడని పట్నాల గురించి రాశాను.

అయితే ఆ రోజును నువ్వు చివరిదాకా నమ్మలేదు. అందుకే ఆఖరి పేజీలో ఆయనకి గుండెపోటు తెప్పించావు. ఆ పేజీ తీసెయ్యమ్మా. మీ తాతయ్య నిక్షేపంగా ఉన్నాడని, మొన్న కూడా టీవీఎస్ మోపెడ్ మీద సింగరాయకొండ స్టేషన్‌కి వచ్చి నిన్ను రైలెక్కించాడని నువ్వే ఫోన్లో చెప్పావు. ఆయన అలా వచ్చి రైలెక్కించడం ఆ చావు కంటే గొప్ప సంగతి. 'ఒంటరితనం' అనే మాట ఆరు చోట్ల ఉంది. ఆరూ కొట్టేశాను. ఎక్కడా లోటు కనిపించలేదు.

ఇక బజారు. 'పనులన్నీ చూసుకుని పదకొండుకి ఇల్లు చేరాడు' అని ఒకే వాక్యంలో తేల్చేశావు. ఎనిమిదింటికి బయల్దేరిన మనిషి పదకొండుకి వచ్చాడంటే మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఆయన్ని పేరు పెట్టి పలకరించేవాళ్ళు ఎందరు? మందుల షాపులో బీపీ బిళ్ళలు షీటు మొత్తం తీసుకుంటాడా, అయిదు కత్తిరించి ఇమ్మంటాడా? అయిదే అయితే ఎందుకని? కరెంటు బిల్లు తనే కడతాడా, పక్కింటి కుర్రాడి చేత ఫోన్లో కట్టించి చేతికి డబ్బులిస్తాడా? పామూరు రోడ్డులో టీ తాగే చోట ఆయన కూర్చునే బల్ల ఏది? నిల్చునే తాగితే ఎవరి పక్కన నిల్చుంటాడు? ఇవన్నీ కథలో పెట్టమని కాదు. నీకు తెలిసి ఉండాలని. తెలిసినవాటిలో ఒకటో రెండో పెడితే మిగిలినవి వాటి వెనకాల నిలబడతాయి.

ఊరిని కూడా ఆయన వైపు నుంచి చూడు. ఆయన పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లా. 1970లో కొత్త జిల్లాలోకి పోయింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లా అయింది. ఇల్లు మారకుండానే చిరునామా ఇన్నిసార్లు మార్చుకున్న మనిషి బ్యాంకులో ఫారం నింపేటప్పుడు జిల్లా అన్న గడి దగ్గర క్షణం ఆగుతాడు. నువ్వు బ్యాంకు పేరు రాశావు, ఆయన ఆగడం రాయలేదు.

ఇప్పుడు డబ్బు. కథ రాసేవాళ్ళు చాలామంది దీని దగ్గర సిగ్గుపడతారు, నువ్వూ పడ్డావు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి పింఛను చేతిలో పెడతారు. 4,000. రోజూ క్వార్టరు అని రాశావు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తెరిచాక క్వార్టరు 99 రూపాయలకి కూడా వస్తోంది, ఆయన అదే తాగుతాడనుకుందాం. శనివారాలు ముట్టడని ఒక చోట అన్నావు. నెలలో నాలుగు శనివారాలు తీసేస్తే ఇరవై ఆరు రోజులు. 2,574 రూపాయలు. ఇంట్లో మిగిలేది 1,426. ఈ లెక్క నేను కాగితం మీద వేశాను. మీ ఇంట్లో ఎవరు వేస్తారో నీకు తెలుసు. మీ నాయనమ్మ నీ కథలో మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ కంచం పెట్టడానికే. ఆ బీపీ బిళ్ళల్ని అయిదు చేసింది ఈ 1,426 రూపాయలేనేమో కనుక్కో. చేతిఖర్చుకని నువ్వు ఆమెకి పంపే డబ్బు ఎటు పోతోందో కూడా.

మనవైపు మద్యం గురించి రాస్తూ ఆడవాళ్ళని వంటింట్లో వదిలెయ్యకూడదమ్మా. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, చదువు నేర్చుకునే రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు వాచకంలో ఒక పాఠం చదువుకుని, మాట్లాడుకుని, వెళ్ళి సారా దుకాణం మూయించారు. వాళ్ళలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు నువ్వు వినే ఉంటావు. ఊరూరా ఆడవాళ్ళు సారా వేలంపాటలు జరగనివ్వలేదు. ఆ గాలి పక్కనున్న ప్రకాశానికీ, ఆపైన రాష్ట్రమంతటికీ పాకింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. 1992లో మీ తాతయ్యకి నలభై లోపు. మీ నాయనమ్మకి ముప్ఫై దాటి ఉంటాయి. ఆ ఏడు ఆమె ఎక్కడుంది? ఎవరితో కలిసి ఏ దుకాణం ముందు కూర్చుంది, లేదా కూర్చోలేకపోయింది? అడుగు. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆయన బజారుకు పోయిన ఆ మూడు గంటల్లో, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ అడుగు. ఆమె ఏమీ చెప్పకపోవచ్చు. చెప్పకపోతే ఏ మాట దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకో.

అలాగని ఆయన్ని బోనులో నిలబెట్టొద్దు. నేను ఆ తప్పు చేశాను. మా నాన్న పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవాడు, బాగా తాగేవాడు, అమ్మని కొట్టేవాడు. ఆయన పోయిన రెండేళ్ళకి నేను రాసిన కథలో ఇవన్నీ ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం కాదు. పత్రికలో అచ్చయ్యాక అమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు ఊరుకుంది. తర్వాత, 'అన్నీ నిజమే రాశావు నాయనా. ఎంత తాగొచ్చినా బయట తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కునే లోపలికొచ్చేవాడు, అది రాయలేదే' అంది. కొట్టిన చేతిని ఆమె క్షమించిందని కాదు. తను నలభై ఏళ్ళు చూసిన మనిషి నా కథలో పూర్తిగా లేడని చెప్పింది. ఆ కాళ్ళు కడుక్కునే నీళ్ళ చప్పుడు నేనూ వందలసార్లు విన్నాను. వినీ రాయలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీ తాతయ్య కూడా బ్యారన్ల దగ్గరే బతికాడని రాశావు. రాత్రి రెండున్నరకి లేచి వరండాలో తిరుగుతాడనీ రాశావు. ఈ రెండు వాక్యాల మధ్య నాలుగు పేజీల దూరం ఉంది. బ్యారన్‌లో ఆకు పెట్టాక అది పసుపు తిరిగేదాకా వేడి వంద డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర్లో ఆపాలి, ఆ తర్వాత మెల్లమెల్లగా పెంచుతూ ఈనె ఎండేసరికి 160 దాకా తీసుకుపోవాలి. తొందరపడితే ఆకు చెడుతుంది, కునుకు తీస్తే మంట పడిపోతుంది. అయిదారు రోజులు రాత్రింబవళ్ళు ఎవరో ఒకరు లేచి, టార్చి వేసి థర్మామీటరు చూసి, పొయ్యిలో కర్ర ఎగదోయాలి. చిన్నప్పుడు మా నాన్న పక్కన గోనెపట్టా మీద పడుకుని నేను చూశాను. ముప్ఫై ఏళ్ళు అలా లేచిన ఒళ్ళు పని మానేశాక కూడా లేస్తుంది. నువ్వు దానికి 'మనోవ్యథ' అని పేరు పెట్టావు. ఆ పేరు తీసేసి, ఆయన లేచి ముందు ఎటు చూస్తాడో రాయి.

టీవీ భాగం నీ కథలో అన్నిటికంటే బాగుంది. వార్తలు పెట్టుకుని ఆయన అందులో వాన కబురు కోసమే కూర్చుంటాడని పట్టుకున్నావు. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే రిమోట్ పక్కన పెడతాడని రాశావు. పొలం కౌలుకిచ్చేశాడు, వానొస్తే ఆయనకి పోయేది లేదు. అయినా అక్టోబరు, నవంబరులో పొగాకు నాట్లు పడ్డాక పెద్ద వాన కొడితే మొక్కలు చచ్చి మళ్ళీ నాటుకోవాల్సి వస్తుందని ఆ చెవికి తెలుసు. ఇక్కడ నువ్వు వ్యాఖ్యానం చెయ్యకుండా ఊరుకున్నావు. కథంతా ఈ పద్ధతిలో ఉంటే నేను ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

ఇక శనివారం. 'మాలకొండ స్వామి మీద భక్తితో శనివారం ముట్టడు' అని రాసి ముందుకెళ్ళిపోయావు. అక్కడ ఆగాలమ్మా! మాలకొండ గుడి తెరిచేది వారానికి ఆ ఒక్కరోజే, శనివారం. మీ తాతయ్య సీసా మూసేదీ ఆ రోజే. మిగతా ఆరు రోజులూ సాయంత్రం ఆరింటికి ఆయన చేతులకి పని ఉంది: సంచిలో ఉలవపాడు సపోటాల కింద కాగితం చుట్టి పెట్టిన సీసా చప్పుడు కాకుండా తీయడం, గ్లాసు కడగడం, నీళ్ళు కలపడం. శనివారం అదే కుర్చీ, అదే టీవీ, అదే ఆరు. చేతులు ఏం చేస్తాయి? రిమోట్ ఎవరి దగ్గరుంటుంది? ఆ ఒక్క సాయంత్రం నాయనమ్మ తన సీరియల్ పెట్టుకుంటుందా? ఆయన పక్కన కూర్చుంటుందా? నీ కథ శుక్రవారం నడుస్తోంది. దాన్ని శనివారానికి జరిపి రాసి చూడు. తాగుడు ఆ రోజు జరగదు కాబట్టి, మిగతా ఆరు రోజులూ వాటంతట అవే తెలుస్తాయని నాకు గట్టిగా అనిపిస్తోంది.

భాష గురించి ఒక్క మాట. మీ తాతయ్య 'యాడికి', 'ఏంది' అంటాడు, నువ్వు ఆయన చేత 'ఎక్కడికి', 'ఏమిటి' అనిపించావు. ఆయన మాట ఆయనకి ఇచ్చెయ్.

సంక్రాంతి లోపు తిరగరాసి పంపు. తొందరేం లేదు, కానీ మరీ పక్కన పడెయ్యకు.

ఒకటి అడగడం మర్చిపోయాను. మీ ఇంట్లో ఖాళీ సీసాలు ఏమవుతాయి? పాత సామాన్ల అతనికి వేస్తారా, పెరట్లో పడి ఉంటాయా? మా అమ్మ వాటిని బూడిదతో తోమి, ఎండబెట్టి, కిరసనాయిలు పోసి పెట్టుకునేది.

ఆశీస్సులతో,
మీ మామయ్య