హెచ్‌పీ చూసి డ్రైవ్ కొనొద్దు

ప్రశ్న: మా ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ పొగను చిమ్నీలోకి లాగే ఐడీ ఫ్యానుకు 20 హెచ్‌పీ మోటారు, స్టార్-డెల్టా స్టార్టరు ఉన్నాయి. గాలిని డాంపరుతో (దారిని మూసే పలకతో) తగ్గిస్తున్నాం. మోటారు స్పీడును మార్చే డ్రైవ్ (వీఎఫ్‌డీ) పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందంటున్నారు. 20 హెచ్‌పీ డ్రైవ్ సరిపోతుందా, పై సైజు తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: హెచ్‌పీ సంగతి పక్కనపెట్టి నేమ్‌ప్లేటు మీద ఆంపియర్లు చూడండి. 415 వోల్టుల 4 పోల్ మోటారైతే దాదాపు 27, 28 ఉంటుంది. 6 పోల్‌దైతే ఇంకాస్త ఎక్కువ. కేటలాగులో చాలా డ్రైవ్‌లకు నార్మల్ డ్యూటీ, హెవీ డ్యూటీ అని రెండు రేటింగులు ఇస్తారు. మొదటిది నిమిషంపాటు 110 నుంచి 120 శాతం లోడు మోస్తుంది, రెండోది 150 శాతం. ఫ్యానుకు నార్మల్ డ్యూటీ చాలు, పై సైజు దండగ. ప్యానెల్ బాయిలర్ పక్కనే పెడతామంటే మాత్రం లెక్క మారుతుంది. 40 డిగ్రీలు దాటాక చాలా డ్రైవ్‌లు పూర్తి కరెంటు ఇవ్వలేవు. ప్యానెల్‌ని ఊక, బూడిద చేరని వేరే గదిలోకి మార్చడం పై సైజు కొనడం కంటే చవక.

స్పీడు 80 శాతానికి దించితే ఫ్యాను తీసుకునే పవరు సుమారు 51 శాతానికి పడిపోతుంది. అయితే డాంపరు పూర్తిగా తెరిచి, గాలిని స్పీడుతోనే తగ్గించాలి. డ్రైవ్ పెట్టీ డాంపరు సగం మూసే ఉంచితే ఆదా అయ్యేది కొంచెమే. గాలి చాలడం లేదని 50 నుంచి 55 హెర్ట్జ్‌కు పెంచితే పవరు 33 శాతం పెరుగుతుంది, మోటారు తట్టుకోదు.

స్టార్-డెల్టా కంటాక్టర్లు తీసేయించండి. టెర్మినల్ బాక్సులో యూ1-డబ్ల్యూ2, వీ1-యూ2, డబ్ల్యూ1-వీ2 పట్టీలు వేసి శాశ్వతంగా డెల్టాలో ఉంచాలి. మోటారు దగ్గర కెపాసిటర్ ఉంటే అదీ తీసేయాలి, లేకపోతే డ్రైవ్ ట్రిప్ కొడుతుంది, ఒక్కోసారి కాలిపోతుంది కూడా.

ఇక సెట్టింగులు. పెద్ద ఫ్యాను ఆపమన్నా వెంటనే ఆగదు. ఆగే సమయం 10 సెకన్లు పెడితే మోటారు జనరేటరుగా మారి కరెంటును డ్రైవ్‌లోకి తిరిగి నెడుతుంది. మామూలుగా 580 వోల్టుల దగ్గరుండే డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజి) 800కు చేరగానే ఓవర్‌వోల్టేజ్ ట్రిప్ వస్తుంది. 60 నుంచి 120 సెకన్లు పెట్టండి, లేదా దానంతటదే ఆగేలా కోస్ట్ స్టాప్ ఎంచుకోండి. చిమ్నీ లాగుడుకు ఫ్యాను ముందే తిరుగుతుంటే స్టార్టింగులోనే ఓవర్‌కరెంట్ ట్రిప్ వస్తుంది. తిరుగుతున్న స్పీడును పట్టుకుని స్టార్ట్ చేసే ఫ్లయింగ్ స్టార్ట్ ఆన్ చేస్తే సరిపోతుంది.

ప్రశ్న: సున్నం పొడి స్క్రూ కన్వేయరుకు 10 హెచ్‌పీ మోటారు, డ్రైవ్ ఉన్నాయి. 12 హెర్ట్జ్‌లో నడుపుతాం. గంటకల్లా మోటారు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. పెద్ద డ్రైవ్ వేయాలా?
– ఒక పాఠకుడు, పిడుగురాళ్ల

జవాబు: ఎంత పెద్ద డ్రైవ్ వేసినా ఈ వేడి తగ్గదు. స్క్రూకు స్పీడు తగ్గినా టార్కు (తిప్పే బలం) తగ్గదు, అందుకే మోటారు కరెంటు అలాగే ఉంటుంది. మోటారును చల్లబరిచే వెనకున్న ఫ్యాను మాత్రం పావు స్పీడుకు పడిపోయింది. గేర్‌బాక్స్ రేషియో గానీ చైను స్ప్రాకెట్లు గానీ మార్చి, ఇప్పుడొస్తున్న స్పీడే 40 నుంచి 50 హెర్ట్జ్ మధ్య వచ్చేలా చేయండి. అది కుదరకపోతే మోటారుకు వేరే లైనుతో విడి బ్లోయరు బిగించి, వైండింగులో వేడిని పసిగట్టే థర్మిస్టరును డ్రైవ్‌కు కలపండి. పొడి గట్టిపడి స్టార్ట్ కాకపోతే చాలామంది టార్క్ బూస్ట్ (తక్కువ స్పీడులో ఇచ్చే అదనపు వోల్టేజి) పెంచేస్తారు, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. నేమ్‌ప్లేటు వివరాలిచ్చి ఆటో ట్యూన్ చేసి (డ్రైవే మోటారును కొలుచుకుంటుంది), టార్కును సరిగ్గా అదుపు చేసే వెక్టర్ మోడ్‌లో నడపండి. కొత్త డ్రైవే కొంటే హెవీ డ్యూటీ రేటింగే చూడాలి.

ప్రశ్న: రీవైండింగ్ చేసిన పాత మోటారుకు డ్రైవ్ పెట్టొచ్చా? కేబుల్ 80 మీటర్లు ఉంటుంది.
– ఒక పాఠకురాలు, తాండూరు

జవాబు: పెట్టొచ్చు. కాకపోతే అంత దూరంలో మోటారు టెర్మినళ్ల దగ్గర వోల్టేజి స్పైకులు వెయ్యి వోల్టులు దాటుతాయి, పాత ఇన్సులేషను వాటికి తట్టుకోదు. డ్రైవ్ ఔట్‌పుట్‌లో ఈ స్పైకులను తగ్గించే డీవీ-డీటీ ఫిల్టరు వేయించండి. మళ్లీ వైండింగ్ చేయించేటప్పుడు స్పైకులను తట్టుకునే ఇన్వర్టర్ డ్యూటీ వైరు అడగండి. మెగ్గర్ (ఇన్సులేషను పరీక్షించే మీటరు) పట్టేముందు సప్లై ఆపి పది నిమిషాలాగి, డ్రైవ్ దగ్గర మోటారు వైర్లు మూడూ విప్పాలి.