కూసే సర్క్యూట్, మైకు సెట్ల నాన్న

దేవరకొండ నుంచి ఒక తండ్రి అడిగారు: "నాకు మైకు సెట్ల షాపు ఉంది. మా వాడు ఈసీఈ ఫైనలియర్. ప్రాజెక్టుకని 100 మెగాహెర్ట్జ్ యాంప్లిఫయర్ కట్టాడు. ఇన్‌పుట్ తీసేసినా అవుట్‌పుట్‌లో సిగ్నల్ వస్తనే ఉందంట. నెల రోజులుగా అదే టెన్షన్. ఈ లైను వదిలి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతానంటున్నాడు. చేర్చమంటారా?"

ఈ రోగం మీకు తెలియంది కాదండీ. బతుకమ్మ ఆట దగ్గర మైకును బాక్సుల ముందుకు తెస్తే కుయ్యిమంటుంది కదా, ఇదీ అదే. అవుట్‌పుట్‌లో కొంత మళ్లీ ఇన్‌పుట్‌లోకి దూరుతోంది. మీరైతే వాల్యూం తగ్గిస్తారు, లేదంటే బాక్సును పక్కకు తిప్పుతారు. మీవాడి సర్క్యూట్‌లో ఆ దొంగదారి కంటికి కనపడదు, అంతే తేడా.

బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా పార్టులు గుచ్చే చిల్లుల బోర్డు) మీద కట్టి ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టమనండి. పక్కపక్క వరుసల మధ్య ఉండే ఒకటి రెండు పికోఫారడ్ల కెపాసిటెన్స్ చాలు, సిగ్నల్ అందులోంచి దూరిపోతుంది, 100 మెగాహెర్ట్జ్ దగ్గర కొంప ముంచడానికి. సెంటీమీటరు వైరు సుమారు 10 నానోహెన్రీల ఇండక్టెన్స్, అంటే ఆ ఫ్రీక్వెన్సీలో 6 ఓముల అడ్డు. పొడుగు కాళ్ల కెపాసిటర్‌తో సప్లయిని డీకప్లింగ్ చేశానని, అంటే సప్లయి వైర్లలోకి దూరిన సిగ్నల్‌ను గ్రౌండ్‌కు మళ్లించానని వాడు అనుకుంటాడు గానీ, అది చేసినట్టు కాదు. కింద మొత్తం గ్రౌండ్ ఉన్న రాగి బోర్డు మీద, కాళ్లు కురచగా కత్తిరించి, ఇన్‌పుట్‌ను ఒక చివర, అవుట్‌పుట్‌ను మరో చివర పెట్టి మళ్లీ కట్టాలి. అప్పటికీ కూస్తే, ఏ ఫ్రీక్వెన్సీలో కూస్తుందో చూడాలి. 100 మెగాహెర్ట్జ్ కన్నా చాలా పైన ఉంటే ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర చిన్న రెసిస్టర్ గానీ ఫెర్రైట్ బీడ్ (హై ఫ్రీక్వెన్సీని అడ్డుకునే చిన్న పూస) గానీ పెట్టాలి. కిలోహెర్ట్జ్‌లలో ఉంటే అనుమానం సప్లయి లైన్లో ఉండే చోక్ (కాయిల్) మీదికి పోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, నోటుబుక్కులో రాసుకోవాలి. టెస్టింగ్‌కు యాంటెన్నా బదులు పవర్‌ను మింగేసే 50 ఓముల రెసిస్టర్, అంటే డమ్మీ లోడే పెట్టాలి, యాంటెన్నా వద్దు. లైసెన్సు లేకుండా గాలిలోకి వదలడం నేరం.

ఇక మీ ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు ఈ లైన్లో ఉండవు, దాచి లాభం లేదు. అయితే ఈ పని చేసే డీఎల్‌ఆర్‌ఎల్ (రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్), ప్రభుత్వ కంపెనీలు ఈసీఐఎల్, బీఈఎల్ యూనిట్, ప్రైవేటు కంపెనీ ఆస్ట్రా మైక్రోవేవ్ వంటివన్నీ మనకు దగ్గర్లో హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ప్రభుత్వ సంస్థల కోసం గేట్ (ఇంజినీర్ల జాతీయ పరీక్ష) రాయడం మంచిది. హామ్ రేడియో (సరదాకి, నేర్చుకోవడానికి నడిపే సొంత రేడియో స్టేషన్) లైసెన్సు పరీక్ష కూడా రాయించండి, 12 ఏళ్లు నిండితే చాలు. కోడింగ్ నేర్చుకుంటే నేర్చుకోనివ్వండి, ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కొలతల్లోనూ పైథాన్ పనికొస్తుంది. నేను ఇంటర్వ్యూ చేసేవాణ్నయితే మాత్రం మొదటిసారికే పనిచేసిన ప్రాజెక్టు కన్నా, నెల రోజులు కూసి ఎందుకు ఆగిందో చెప్పగలిగిన ప్రాజెక్టు గురించే ఎక్కువసేపు అడుగుతాను.

ప్రాజెక్టు టాపిక్ మార్చొద్దు. ఈ ఆదివారం వాణ్ని షాపులో కూర్చోబెట్టుకుని, కూసే మైకును మీరెట్లా ఆపుతారో ఒకసారి చూపించండి.