సి-టైప్‌ను గెలిపించింది డిస్క్ బ్రేకులే, కానీ అంతకు ముందు నీళ్ల గొట్టం దాన్ని ముంచింది

"డిస్క్ బ్రేకులు లేకపోతే 1953లో జాగ్వార్ సి-టైప్ లె మాన్ గెలిచేదా?" అని అడిగారు. (సి-టైప్ అంటే బ్రిటిష్ కంపెనీ జాగ్వార్ రేసు కారు, లె మాన్ అంటే ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు.) గెలిచేది కాదు. జవాబు ఇంతే. అయితే ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అందరూ బ్రేకుల పురాణమే విప్పుతారు. ఏడాది ముందు అదే రేసులో అదే కారు మూడుకు మూడూ ఎందుకు చతికిలబడ్డాయో ఒక్కరూ రాయరు. సి-టైప్ చరిత్రలో అసలు పాఠమంతా ఆ 1952లోనే ఉంది.

1951లో తొలి ప్రయత్నంలోనే పీటర్ వాకర్, పీటర్ వైట్‌హెడ్ ఈ కారుతో లె మాన్ గెలిచారు. జాగ్వార్ స్పోర్ట్స్ కారు ఎక్స్‌కె120లోని 3442 సీసీ ఆరు సిలిండర్ల ఇంజిన్, గొట్టాల ఫ్రేమ్, మాల్కమ్ సేయర్ గీసిన అల్యూమినియం బాడీ. బ్రేకులు మాత్రం డ్రమ్ములే, అంటే చక్రంతో తిరిగే డొల్లను లోపలి నుంచి షూలు ఒత్తి ఆపే పాత రకం. కాబట్టి "డిస్కులు లేనిదే సి-టైప్ లేదు" అనేవాళ్లు ముందు ఈ సంవత్సరానికి లెక్క చెప్పాలి.

1952 మే నెలలో ఇటలీలో మిల్లె మిల్యా రేసు జరిగింది. జాగ్వార్ డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ అక్కడ మెర్సిడెస్ 300 ఎస్ఎల్ వేగం చూసి, లె మాన్‌కు మనకింకా వేగం కావాలని కంపెనీకి కబురు పెట్టాడు. లె మాన్ జూన్ మధ్యలో. చేతిలో ఉన్నది ఆరు వారాలు. ఆ హడావిడిలో ముక్కు కిందికి దించి, తోక సాగదీసి కొత్త బాడీ చేశారు. బానెట్ ఎత్తు తగ్గితే రేడియేటర్ మీద ఉండాల్సిన హెడర్ ట్యాంకుకు (నీళ్లు నిండుగా ఉంచే పై ట్యాంకుకు) చోటు ఉండదు కదా. దాన్ని తీసుకెళ్లి ఇంజిన్ వెనకాల, పక్క సీటు వైపు బల్క్‌హెడ్ (ఇంజిన్‌కూ సీట్లకూ మధ్య గోడ) ముందు బిగించారు. రేడియేటర్ ఒక కొస, ట్యాంకు ఇంకో కొస. మధ్యలో 7/8 అంగుళం గొట్టం.

ప్రాక్టీసులోనే నీళ్లు మరిగాయి. మాస్, వాకర్‌ల కారుకు అప్పటికప్పుడు పూర్తి సైజు రేడియేటర్ బిగించారు. అది వేడెక్కలేదు గానీ లోపల ఏదో విరిగి ఆయిల్ ప్రెషర్ పోయింది. వైట్‌హెడ్, ఇయన్ స్టువర్ట్‌ల కారుకూ, టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్‌ల కారుకూ హెడ్ గ్యాస్కెట్లు (ఇంజిన్ బ్లాకుకూ పై మూతకూ మధ్య సీళ్లు) ఎగిరిపోయాయి. ఆ రేసు ఏ 300 ఎస్ఎల్‌కు భయపడి ఇదంతా చేశారో దానికే దక్కింది.

కొత్త ముక్కు గాలిని ఆపేసిందని అందరూ సేయర్ మీద పడ్డారు. తరువాత టెస్ట్ డ్రైవర్ నార్మన్ డూయిస్ కారును మీరా (బ్రిటన్‌లోని కార్ల పరీక్షా కేంద్రం) ట్రాక్ మీద తిప్పి చూస్తే ముఖ్యమైన తప్పులు రెండు తేలాయి. వాటర్ పంపు పుల్లీ చిన్నది. పుల్లీ చిన్నదైతే పంపు ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువ నీళ్లు తోస్తుంది అనుకుంటాం. ఒక హద్దు దాటాక జరిగేది తలకిందులు. పంపు లోపలికి లాగే వైపు ఒత్తిడి పడిపోయి, వేడి నీళ్లు అక్కడికక్కడే ఆవిరి బుడగలవుతాయి. బోరు మోటారుకు గాలి పట్టినట్టే, రెక్కలు తిరుగుతుంటాయి, నీళ్లు కదలవు. రెండో తప్పు ఆ గొట్టం. దాన్ని 7/8 నుంచి అంగుళంపావుకు పెంచారు. వినడానికి చిన్న మార్పులా ఉంది గానీ లెక్క కట్టండి, నీళ్లు పోయే దారి రెట్టింపైంది. పుల్లీ పెద్దది చేసి, గొట్టం మార్చేసరికి మరగడం ఆగిపోయింది. బాడీకి మాత్రం వేరే జబ్బు ఉంది. గంటకు 190 కిలోమీటర్లు దాటితే తోక తేలిపోయి కారు దారి తప్పేది. వేడి విషయంలో మాత్రం సేయర్‌ది అంత పాపం లేదు.

పాత ఎక్స్‌కె ఇంజిన్‌తో కుస్తీ పట్టేవాళ్లకు ఇందులో పనికొచ్చేది చాలా ఉంది. బండి మరిగితే ముందు పెద్ద రేడియేటర్ కొనకండి. హెడర్ ట్యాంకు మొత్తం నీటి దారిలో అన్నిటికన్నా ఎత్తున ఉందా, మధ్యలో గొట్టం ఎక్కడైనా వంపు తిరిగి గాలి నిలుస్తోందా చూడండి. తరువాత బ్లాకు కోర్ ప్లగ్గులు (నీటి దారికి బిగించిన లోహపు బిళ్లలు) ఊడదీయండి. ఈ ఇంజిన్లో తుప్పు బురద వెనక సిలిండర్ల చుట్టూ పేరుకుంటుంది. అన్నట్టు, జాగ్వార్ లెక్కలో వెనకదే ఒకటో నంబరు, ముందునుంచి లెక్కపెట్టి తప్పు సిలిండర్ విప్పేవాళ్లు బోలెడుమంది. ఒక హెచ్చరిక. నీళ్లు తగ్గి మీటరుకు వేడి తెలిపే బల్బు నీళ్లలో కాక ఆవిరిలో పడితే మీటరు ముల్లు కిందికి దిగుతుంది. హమ్మయ్య చల్లబడింది అనుకునేలోపు గ్యాస్కెట్ పోతుంది.

ఇక బ్రేకులు. డిస్కు జాగ్వార్ కనిపెట్టిందేమీ కాదు, బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. జాగ్వార్, టైర్ల కంపెనీ డన్‌లప్ కలిసి చేసింది దాన్ని రేసులో నిలబెట్టడం. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ లోతుకు పోతుంది. డిస్కు అంటే చక్రంతో తిరిగే పళ్లెం, దాన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కుతాయి; అది వేడికి లావెక్కితే ప్యాడ్ల వైపే వస్తుంది, పైగా గాలికి బయటే ఉంటుంది. మొదట్లో తిప్పలు తప్పలేదు. ఫ్లూయిడ్ మరిగేది. హబ్ కాస్త ఊగితే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెట్టేసేది, తరువాతి తొక్కుకు పెడల్ నేలకు తగిలేది. అందుకే మలుపు రాకముందే ఒకసారి తేలిగ్గా తొక్కి ప్యాడ్లను దగ్గరకు తెచ్చుకోవాలి. 1952 లె మాన్‌కు వీటిని నమ్మలేక డ్రమ్ములతోనే వెళ్లారు. రెండు వారాలకే ఫ్రాన్స్‌లోని రాన్స్ రేసులో మాస్ డిస్కుల సి-టైప్‌తో గెలిచాడు!

1953లో హామిల్టన్, రోల్ట్ 304 చుట్లు తిరిగారు, సగటు గంటకు 170 కిలోమీటర్లు. అంటే దాదాపు ఆరు కిలోమీటర్ల ముల్సాన్ దారి చివర, 240 దగ్గర నుంచి కుడి మలుపుకు వేగం దించడం 304 సార్లు. అప్పటికి మూడు వెబర్ కార్బ్యురేటర్లు, పల్చటి రేకు, 220 హార్స్‌పవర్. మూడో స్థానంలో వచ్చిన అమెరికా కారు కనింగ్‌హామ్ నేరు దారిలో సి-టైప్‌ను మించిపోయేది, కానీ దానివి డ్రమ్ములు. మీ ప్రశ్నకు ఇంతకన్నా సాక్ష్యం నాకక్కర్లేదు.

హామిల్టన్, రోల్ట్ తాగిన మత్తులో గెలిచారనే కథ కూడా ఎవరో ఒకరు కింద తగిలిస్తారు. ఆ కథ హామిల్టన్ చెప్పుకున్నది. జట్టు మేనేజర్ లాఫ్టీ ఇంగ్లండ్ కాదని తేల్చేశాడు. అయినా అదే తిరుగుతుంది.

నకళ్ల గొడవ ఇంకోటి. సి-టైపులు తయారైనవే 53. ఇప్పుడు తిరిగే నకళ్లు అంతకు ఎన్నో రెట్లు. నకలైతే నకలని చెప్పి అమ్మండి, తప్పులేదు. 1952 నాటి ఆ దించిన ముక్కు కార్లలో రెండింటిని ఫ్యాక్టరీలోనే విప్పేశారు, మూడోది మామూలు సి-టైప్ బాడీతోనే మిగిలింది. ఆ ముక్కుతో "అసలుది" అని ఎవరైనా చూపిస్తే ఆ రేకు కొత్తదే.