జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో బి.కాం. చివరి సంవత్సరం చదువుతోంది. హైదరాబాదులోని ఒక చిన్న సంస్థ అకౌంట్స్ విభాగంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తామంటోంది. జీతం ఉండదు, చివర సర్టిఫికెట్ ఇస్తారట. హాస్టలుకూ భోజనానికీ నెలకు పది వేలు నేనే పంపాలి. నాది చిన్న కిరాణా దుకాణం. పంపమంటారా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: మీరు పంపే డబ్బు ఆరు నెలలకు అరవై వేలవుతుంది. దానిని ఫీజుగానే లెక్కవేసుకోండి. అంత ఫీజు అడిగిన శిక్షణ సంస్థను ఏమేమి అడుగుతారో వీరినీ అవే అడగాలి. ముఖ్యంగా, అమ్మాయి చేసిన పనిని రోజూ చూసి తప్పులు దిద్దేది ఎవరో పేరుతో సహా చెప్పమనండి. చెప్పలేకపోతే వారికి కావలసింది జీతం లేకుండా పనిచేసే మనిషే. అకౌంట్స్ అని చేర్చుకుని ఖాతాదారులకు ఫోన్లు చేసే పనిలో కూర్చోబెట్టే సంస్థలూ లేకపోలేదు.

మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు 2020-21 నుండి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది కనుక, ఈ ఆరు నెలలను కళాశాల చివరి సెమిస్టరు కింద అంగీకరిస్తుందో లేదో ముందే తెలుసుకోండి. అంగీకరించకపోతే ఆ సర్టిఫికెట్‌కు పెద్దగా విలువ ఉండదు.

మా అభిప్రాయం అడిగితే, ముందు నెల్లూరులోనే ప్రయత్నించమంటాము. మీ దుకాణం లెక్కలు చూసే ఆడిటరునే అడగండి. వ్యాపారుల జీఎస్‌టీ రిటర్నులలో అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 సాధారణంగా 11వ తేదీలోగా, పన్ను లెక్కకట్టి చెల్లించే 3బి 20వ తేదీలోగా దాఖలు కావాలి. ఈ మధ్యలో, 14న జీఎస్‌టీ పోర్టల్‌లో వచ్చే 2బి పట్టికను (సరుకు అమ్మినవారు చూపిన బిల్లుల జాబితాను) ముందు పెట్టుకుని, వ్యాపారి సంచిలో తెచ్చిన కొనుగోలు బిల్లులను ఒక్కొక్కటిగా సరిచూసి, లేని బిల్లు ఎందుకు లేదో సరుకు అమ్మినవారికి ఫోను చేసి కనుక్కునే పని రెండు మూడు నెలలు చేసిన అమ్మాయికి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద కట్టిన పన్నును కట్టవలసిన పన్నులో తగ్గించుకోవడం) గురించి పుస్తకం చూసి చెప్పవలసిన అవసరం రాదు. అక్కడా జీతం ఇవ్వకపోవచ్చు, నిజమే. కానీ కావలి నుండి రైలులో రోజూ వెళ్ళిరావచ్చు. అరవై వేలు మిగులుతాయి.

డిగ్రీ చేతికి వచ్చాక ఉచితంగా పనిచేయడానికి అంత సులువుగా ఒప్పుకోనక్కరలేదు. అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనలు పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండు నిర్ణయించాయి. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. అయితే అప్రెంటిస్ ఒప్పందం రాసుకుంటేనే ఇది వర్తిస్తుంది. ఇంటర్న్ అని మాత్రమే రాసి ఇస్తే ఈ రక్షణ అడగడం కష్టం. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో, అప్పటి నిబంధనల ప్రకారం, పెద్ద కంపెనీలలో ఏడాదిపాటు నెలకు 5,000, ఒకసారి మరో 6,000 ఇస్తామన్నారు. హైదరాబాదు హాస్టలుకు అది చాలదు, కానీ మీ భారం సగమవుతుంది. కుటుంబ ఆదాయ పరిమితి ఉంది కనుక అర్హతలు చూసుకోండి.

ఇంతా చదివాక కూడా అమ్మాయి హైదరాబాదే వెళ్తానంటే అడ్డుచెప్పకండి. కొత్త ఊరు, కొత్త మనుషులు కావాలనుకోవడం తప్పేమీ కాదు. మొదట రెండు నెలలకే ఒప్పుకోండి. పనివేళలు, చేయవలసిన పని కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వారి దగ్గర పెట్టవద్దు. డిపాజిట్ కట్టమంటే ఆ సంస్థను అక్కడితో వదిలేయండి.