నార్వే వాళ్ళు ఎందుకు వద్దన్నారు?

ప్రశ్న: మాస్టారూ, మాకు కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మావాడు నార్వేలో చదువుతున్నాడు. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో లేదంట, జనమే ఓటేసి వద్దన్నారంట. పక్కవాళ్ళంతా చేరితే వీళ్ళకేం వచ్చింది? మన దేశంలో అలాంటి ఓటింగ్ పెట్టరా?
– ఓ ఆక్వా రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: ఒకసారి కాదండీ, రెండుసార్లు వద్దన్నారు. 1972లో 53.5 శాతం, 1994 నవంబరు 28న 52.2 శాతం. 1994లోనే ఆస్ట్రియా, ఫిన్లాండ్, స్వీడన్ వరసగా ఓటేసి సరేనన్నాయి. వాళ్ళను చూసి మనవాళ్ళూ మొగ్గుతారులే అని నార్వే ప్రభుత్వం అనుకుంది. మొగ్గలేదు. ఓటేసింది మాత్రం దాదాపు 89 శాతం. మన మునిసిపల్ ఎన్నికలు గుర్తొచ్చి సిగ్గేసింది నాకు.

వద్దన్నదెవరో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. మీలాంటి వాళ్ళే! రాజధాని ఓస్లోలో మూడింట రెండొంతుల మంది చేరదామన్నారు. ఉత్తరాన చేపల వేట మీద బతికే ఫిన్‌మార్క్‌లో 70 శాతానికి పైగా కుదరదన్నారు. చేరితే తమ సముద్రంలో ఎవరు ఎంత పట్టాలో యూనియన్ ఆఫీసులున్న బ్రసెల్స్‌లో కూర్చున్నవాళ్ళు తేలుస్తారనీ, స్పెయిన్ పడవలు వచ్చి పడతాయనీ వాళ్ళ భయం. తమిళనాడు పెద్ద బోట్లు ఒడ్డు దాకా వచ్చాయంటే మన నెల్లూరు తీరంలో ఎంత రగడవుతుందో మీకు చెప్పక్కర్లేదు. రైతులకేమో సబ్సిడీలు పోతాయని టెన్షన్. పైగా చేతిలో చమురు డబ్బుంది, కాదనే ధైర్యం ఉంది.

అయితే అసలు తమాషా ఆ తర్వాత ఉంది. వాళ్ళ సరుకు అమ్ముడుపోవాల్సింది యూరప్‌లోనే కదా. అందుకని యూరోపియన్ ఎకనామిక్ ఏరియా అనే ఒప్పందంలో ఉండిపోయారు. యూనియన్ మార్కెట్ రూల్స్ పాటిస్తారు, డబ్బూ కడతారు, ఆ రూల్స్ రాసేచోట మాత్రం ఓటు లేదు. చేపల వేటను ఆ ఒప్పందానికి బయటే ఉంచుకున్నారు గానీ యూనియన్ వేసే దిగుమతి పన్ను తప్పలేదు. పచ్చి సాల్మన్ చేప మీద 2 శాతం, పొగబెట్టిన దాని మీద 13 శాతం. దాంతో చేపను పచ్చిగానే పంపేస్తే పొగబెట్టే పనీ, ఆ కూలీ పోలండ్‌కు పోతున్నాయి. సముద్రం దక్కింది, కుర్చీ పోయింది. నన్నడిగితే ఆ బేరం వాళ్ళు తెలిసే చేశారు.

ఆ మాటకొస్తే మీ సంగతేమిటి? 2016 నుంచి మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి యూరప్ రేవుల్లో శాంపిల్ తీస్తున్నారు. అంతకుముందు పదింటికి ఒకటే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ మందుల ఆనవాలు తగిలిందా, సరుకు గోవిందా. అందుకే కదా పట్టుబడికి ముందు మీ రొయ్యలు ల్యాబుకి పోతున్నాయి! మందు వేయనివాడు కూడా పక్క చెరువువాడి పాపానికి భయపడాలి. ఆ రూలు పెట్టేటప్పుడు మిమ్మల్నెవరూ ఓటు అడగలేదు.

ఇక మన దేశం సంగతి. ఇలా దేశమంతటినీ ఓటు అడిగే ఏర్పాటు మన రాజ్యాంగంలో లేదు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు ప్రభుత్వమే సంతకం పెట్టింది. జనాన్ని అడిగిన సందర్భాలు లేకపోలేదు. 1948లో జునాగఢ్‌లో, 1975 ఏప్రిల్‌లో సిక్కింలో. రెండూ భారత్‌లో చేరే విషయమే.

ప్రశ్న: 2022లో మా కందుకూరును నెల్లూరు జిల్లాలో కలిపారు. ఒంగోలు మాకు దగ్గర, నెల్లూరు దూరాభారం. అప్పుడు మాకెందుకు ఓటింగ్ పెట్టలేదు?
– ఓ పాఠకురాలు, కందుకూరు

జవాబు: జిల్లాల చట్టంలో ఓటింగ్ లేదమ్మా. అభ్యంతరాలుంటే 30 రోజుల్లో కలెక్టరుకు రాసివ్వమన్నారు, అంతే. రాష్ట్రాల గతీ ఇంతే. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం అసెంబ్లీని అభిప్రాయం అడుగుతారు, పాటించాలని లేదు. 2014లో చూశాం కదా! అన్నట్టు, 1970లో ప్రకాశం జిల్లా పుట్టకముందు మీ కందుకూరు నెల్లూరు జిల్లాలోదే. అప్పుడు విడదీసినప్పుడూ ఓటింగ్ పెట్టలేదు.