పాత వాల్వు రేడియోగ్రామ్‌కి పార్టులకన్నా ముందు సర్క్యూట్ వెతకండి

మీ తాతగారి ఫిలిప్స్ వాల్వు రేడియోగ్రామ్ (గాజు వాల్వులతో నడిచే రేడియో, రికార్డు ప్లేయర్ కలిసిన పెట్టె) పలకడం లేదనీ, అమలాపురంలో చూపిస్తే పార్టులు రావు, పాత సామాన్లకి వేసేయమన్నారనీ రాశారు. దయచేసి వేసేయకండి. మాది పాలకొల్లు. పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు ఇంట్లోనే బాగుచేసుకుంటాను. ఇలాంటి సెట్లు ఎక్కువగా ఆగిపోయేది సర్క్యూట్ కాగితం, అంటే లోపలి కనెక్షన్ల బొమ్మ, చేతిలో లేకే. అది ఉంటే లోపల ఉన్నవాటిలో చాలావరకు ఇప్పటికీ షాపులో దొరికే మామూలు సరుకేనని తెలిసిపోతుంది.

ప్లగ్గు పీకేసి వెనక అట్ట విప్పండి. అట్ట లోపలివైపో పెట్టె అడుగునో సర్క్యూట్ అతికించి ఉండొచ్చు. లేకపోతే మోడల్ నంబరు పూర్తిగా, గీత తర్వాతి అంకెలతో సహా రాసుకుని రేడియోమ్యూజియం, ఎలెక్ట్రోటాన్యా సైట్లలో వెతకండి. రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ భాగానికి వినైల్ ఇంజిన్ సైటు మంచిది. మన దేశంలో తయారైన మోడల్ అచ్చంగా దొరక్కపోయినా, అవే వాల్వులున్న యూరప్ మోడల్ సర్క్యూట్‌తో చాలా పని నడుస్తుంది.

వాల్వుల మీద పేర్లు తప్పకుండా చూడండి. ఈసీఎల్ 82, ఈఎల్ 84 లాగా ‘ఈ’తో మొదలైతే ఫిలమెంటు (వాల్వు లోపల వేడెక్కే తీగ) సాధారణంగా 6.3 వోల్టులది. యూసీఎల్ 82, యూఎల్ 84 లాగా ‘యూ’తో మొదలైతే ఫిలమెంట్లన్నీ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) ఉంటాయి, ఛాసీ, అంటే భాగాలు బిగించిన లోహపు చట్రం, నేరుగా కరెంటుకి కలిసి ఉండొచ్చు. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసీకే 230 వోల్టులు వచ్చేస్తాయి. అదైతే తెలిసినవాళ్లు లేకుండా ముట్టుకోవద్దు. ఏ సెట్టయినా ఆపేశాక కూడా కండెన్సర్లలో హైవోల్టేజీ నిలిచి ఉంటుంది.

ఇక కండెన్సర్లు. పవర్ సప్లైలో 50+50 మైక్రోఫారడ్ జంట డబ్బా ఉంటే, దానికోసం ఊళ్లు తిరగక్కర్లేదు. 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు విడిగా వేస్తే చాలు. వోల్టేజీ ఎక్కువైనా పర్వాలేదు, తగ్గకూడదు. స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (సిగ్నల్ అందుకునే కాలికి) వెళ్లే కాగితం కండెన్సర్‌ని అడక్కుండా మార్చేయండి, 630 వోల్టుల పాలిస్టర్‌ది వేయండి. మన తేమకి పాత కాగితం కండెన్సర్ లీకై వాల్వు ఎర్రగా కాలుతుంది, దాంతోపాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోవచ్చు. ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో దొరుకుతాయి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు, అంటే సెట్టుకి వెళ్లే కరెంటు దారిలో ఒక ఫిలమెంటు బల్బు, పెట్టుకోండి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా టెన్షన్ పడొద్దు. మన డెల్టాలో మోటారు వైండింగ్ షాపులకి కొదవ లేదు. మా పెదనాన్నగారి ఆంప్లిఫయర్ మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌ని భీమవరంలో రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు చుట్టే షాపులో చుట్టించాను. మేస్త్రి పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టి అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు, మందం కొలిచి అదే గేజ్ తీగ వేశాడు. పొరకీ పొరకీ మధ్య ఇన్సులేషన్ కాగితం పెట్టించడానికి మాత్రం మీరు దగ్గరుండాలి.

వాల్వుల్లో ఈఎల్ 84 స్లొవేకియాలో ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది. మిగతావాటికి ముందు మన ఊళ్లలోనే అడగండి. తీర్థాలకీ పెళ్లిళ్లకీ మైకు సెట్లు కట్టిన పాతవాళ్ల అటకల మీద వాల్వులు, మోటార్లు, పాత సెట్ల ఛాసీలు ఇంకా ఉన్నాయి. నాకు ఎక్కువ సరుకు అలాగే దొరికింది. ఎందుకు కావాలో చెబితే చాలామంది సంతోషంగా ఇస్తారు.

రికార్డు ముల్లు విషయంలో తొందరపడి ఏదో ఒకటి కొనకండి. మీ సెట్టులో ముల్లు బిగించి ఉన్నది సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికని కరెంటుగా మార్చే ముక్క) అయ్యుండొచ్చు, అది వందల మిల్లీవోల్టులు ఇస్తుంది. ఇప్పుడు ఎక్కువగా అమ్మే మాగ్నెటిక్ రకం ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. మధ్యలో ప్రీఆంప్ (చిన్న సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) లేకుండా వేస్తే వినపడీ వినపడనట్టు ఉంటుంది. కార్ట్రిడ్జ్ మీది నంబరు, వాల్వుల పేర్లు ఇక్కడ రాయండి. సరిపోయే ముల్లు, సర్క్యూట్ నేనూ వెతికి చెబుతానండి.